పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్: పథ్యమెవరికి? అపథ్యమెవరికి?

భాద్రపద మాసం వచ్చిందంటే బజారులో పంపరపనస కాయలు కనిపిస్తాయి. వినాయక చవితి పూజలో ఇతర ఫలాలతో పాటు దీనిని నివేదించే ఇళ్లు అనేకం ఉన్నాయి. పూజ ముగిసిన మరునాడు ఇంటిల్లిపాదీ కూర్చుని మందమైన తొక్కను ఒలిచి, తొనల మీది చేదు పొరను తీసి, ముత్యాల వంటి గుజ్జు మీద ఇంత ఉప్పు, కారం చల్లుకుని తినడం మనకు తెలిసిన ఆనందమే. ఈ పండుకు దగ్గరి బంధువైన గ్రేప్‌ఫ్రూట్ నేడు మన నగరాల పెద్ద దుకాణాలలో దొరుకుతున్నది. అమెరికాలోని పిల్లల వద్దకు వెళ్లిన తల్లిదండ్రులకు ఉదయపు ఫలహారంలో తరచుగా ఎదురవుతున్నది.

ఈ రెండు ఫలాలూ ఆరోగ్యప్రదమైనవే. అయినను కొన్ని మందులు వాడేవారికి ఇవి అపాయాన్ని కలిగించగలవు. చెట్టున కాసిన పండు ఎవరికీ కీడు చేయదని నమ్మే ఇళ్లలో ఈ సంగతి తెలియకపోవడం వల్ల ప్రమాదం మరింత పెరుగుతుంది. కాబట్టి ఈ పాఠంలో గుణమును, దోషమును రెండింటినీ క్రమముగా తెలుసుకుందాం.

పండు పరిచయం

పంపరపనసకు పనస చెట్టుతో బంధుత్వమేమీ లేదు. ఇది నిమ్మ, నారింజ, బత్తాయిల కుటుంబానికి చెందినది. శాస్త్రనామం సిట్రస్ మాక్సిమా. ఆ జాతిలో అన్నిటికంటె పెద్ద కాయ ఇదే. ఒక్కొక్కటి కిలో నుండి రెండు కిలోల వరకు తూగును. దీని జన్మస్థానం ఆగ్నేయాసియా ప్రాంతం. హిందీలో చకోతరా, కన్నడంలో చకోత, బెంగాలీలో బతాబి నేబు అంటారు. కర్ణాటకలోని దేవనహళ్లి చకోతకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. మన వైపున శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తోటలలో కొబ్బరి, జీడిమామిడులతో పాటు పంపరపనస కూడా పెరుగుతున్నది.

గ్రేప్‌ఫ్రూట్ అటువంటి పురాతన ఫలం కాదు. పంపరపనస, తీపి నారింజ కలిసి సహజ సంకరము వల్ల వెస్టిండీస్ దీవులలోని బార్బడోస్‌లో పుట్టినది. 18వ శతాబ్దంలో దీని ప్రస్తావన మొదట కనిపించును. కాయలు ద్రాక్షగుత్తుల వలె గుంపులుగా కాయడం చేత ఆ పేరు వచ్చిందని చెబుతారు. ద్రాక్షకు, దీనికి మరే సంబంధమూ లేదు. కనుక గ్రేప్‌ఫ్రూట్ గురించి చెప్పే హెచ్చరికలను "అది పరదేశపు పండు, మనకెందుకు?" అని తోసిపుచ్చరాదు. తల్లి గుణము బిడ్డకు వచ్చినట్లు, దాని మంచి చెడ్డలు చాలా వరకు పంపరపనస నుండి వచ్చినవే.

ఆయుర్వేద దృష్టి

16వ శతాబ్దపు భావప్రకాశ నిఘంటువులో మధుకర్కటి అను పేరుతో చెప్పబడిన ఫలమును చకోతరాగా వ్యాఖ్యాతలు గుర్తించారు. ఇది మధుర రసము, శీత వీర్యము కలది. రుచిని పుట్టించును. గురు గుణము కలది, అనగా జీర్ణమగుటకు కొంత సమయము పట్టును. రక్తపిత్తము, క్షయము, శ్వాస, కాస, ఎక్కిళ్లు, భ్రమ అను వాటిలో హితకరమని చెప్పబడినది.

గురు గుణమని చెప్పడంలో ఒక సూచన ఉన్నది. అగ్నిమాంద్యము గలవారు దీనిని కడుపు నిండుగా తినరాదు. రాత్రి భోజనానంతరము తినుట మంచిది కాదు. పుల్లని ఫలములను పాలతో కలిపి తీసుకొనుట విరుద్ధాహారమని చరక సంహిత చెప్పినది. కాబట్టి పంపరపనస తిన్న వెంటనే పాలు త్రాగే అలవాటు మానవలెను.

ఆధునిక విశ్లేషణ

నూరు గ్రాముల పంపరపనస గుజ్జులో సుమారు 38 కేలరీల శక్తి, 61 మిల్లీగ్రాముల సి విటమిను, 216 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటాయి. ఎర్ర గ్రేప్‌ఫ్రూట్‌లో సి విటమిను దీనిలో సగమే, సుమారు 31 మిల్లీగ్రాములు. వయోజనులకు రోజుకు పురుషులైతే 80, స్త్రీలైతే 65 మిల్లీగ్రాముల సి విటమిను అవసరమని భారతీయ వైద్య పరిశోధనా మండలి 2020లో నిర్ణయించింది. అంటే నాలుగైదు తొనలు తింటే ఆనాటి అవసరంలో అధిక భాగం తీరినట్లే.

సి విటమిను మరొక ఉపకారం కూడా చేయును. ఆకుకూరలు, పప్పుధాన్యాలలోని ఇనుమును శరీరము గ్రహించుటకు తోడ్పడును. రక్తహీనత గల స్త్రీలు తోటకూర పప్పుతో భోజనం చేసిన రోజున దీనిని నాలుగు తొనలు తినుట యుక్తము. గుజ్జు ఎర్రగా ఉండే రకాలలో టమాటాలో ఉండే లైకోపీన్ అను వర్ణద్రవ్యం కూడా కలదు. ఈ ఫలాల చేదుకు కారణమైన పదార్థము పేరు నారింజిన్. ఆ పేరు మన సంస్కృతపు నారంగ శబ్దము నుండి వచ్చినదే.

గ్రేప్‌ఫ్రూట్ కొవ్వును కరిగించునని ఒక ప్రచారం చిరకాలంగా ఉన్నది. ఈ ఫలంలో కొవ్వును దహించే ప్రత్యేక పదార్థమేదీ లేదు. నీరు ఎక్కువ, కేలరీలు తక్కువ కావడం చేత భోజనానికి ముందు తింటే ఆకలి కొంత తీరును. లాభము అంతవరకే.

వాడు విధానము

జ్వరము తగ్గిన పిమ్మట నోటికి రుచి తెలియనివారికి నాలుగు తొనల గుజ్జుపై చిటికెడు సైంధవ లవణము, కొద్దిగా జీలకర్ర పొడి చల్లి ఇవ్వవచ్చును. వేసవి దప్పికి, పిత్తము వలన కలిగే వికారమునకు పండు రసములో సమానముగా నీరు కలిపి కొద్దికొద్దిగా త్రాగించవచ్చును. నానబెట్టిన పెసరపప్పు, కొత్తిమీర, ఈ గుజ్జు కలిపి కోసంబరి చేసుకొనుట మరొక పద్ధతి.

మధుమేహము గలవారు రసము తీసుకొనక పండునే తినవలెను. రసములో పీచు పోయి చక్కెర త్వరగా రక్తములో చేరును. ఆమ్లపిత్తముతో బాధపడువారు ఖాళీ కడుపున దీనిని తినరాదు. పులుపు పంటి పైపూతను మెత్తబరచును కనుక తిన్న తరువాత మంచినీటితో పుక్కిలించవలెను. వెంటనే పళ్లు తోముట మంచిది కాదు.

మందులతో వైరము

ఇక అసలు విషయము. 1989లో కెనడాలోని లండన్ నగరంలో డేవిడ్ బెయిలీ అను శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఫెలోడిపిన్ అను రక్తపోటు మందుకు, మద్యమునకు గల సంబంధమును పరీక్షించారు. మద్యము రుచి తెలియకుండుటకై గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చారు. రక్తములో మందు పరిమాణం ఊహించిన దానికన్న బాగా పెరిగింది. కారణం వెదకగా, తప్పు మద్యానిది కాదు, రసానిదని తేలింది. 1991లో ఈ ఫలితము లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడినది.

దీని వెనుక పనిచేసే విధానము ఇది. మనము మ్రింగిన మాత్ర మొత్తము రక్తములో చేరదు. చిన్న ప్రేగుల గోడలో సి.వై.పి. 3ఏ4 అను ఎంజైము కాపలాదారు వలె నిలిచి, కొన్ని మందులలో అధిక భాగమును అక్కడే విరిచివేయును. ఆ నష్టమును లెక్కలోనికి తీసుకొనియే వైద్యశాస్త్రము మోతాదును నిర్ణయించినది. గ్రేప్‌ఫ్రూట్‌లోను, పంపరపనసలోను ఉండే ఫ్యూరనోకౌమరిన్లు అను పదార్థాలు ఆ కాపలాదారును శాశ్వతముగా పడగొట్టును. శరీరము కొత్త ఎంజైమును తయారుచేసుకొను వరకు మందు అడ్డు లేకుండా లోనికి పోవును. ఫెలోడిపిన్ విషయంలో ఒక్క గ్లాసు రసముతోనే రక్తములోని మందు సుమారు మూడు రెట్లు కావచ్చును. అనగా వైద్యుడు ఇచ్చినది ఒక మాత్ర, శరీరమునకు అందినది మూడు మాత్రల బలము.

ఉదయము పండు తిని రాత్రి మాత్ర వేసుకొంటే సరిపోదా అని అడుగువారున్నారు. సరిపోదు. ఈ ప్రభావము 24 గంటలు, కొందరిలో మూడు రోజుల వరకు నిలుచును.

2012లో బెయిలీ బృందం ప్రకటించిన సమీక్షలో ఇట్టి వైరము గల మందులు 85కు పైగా ఉన్నవని, వానిలో 43 మందుల వలన తీవ్ర పరిణామములు కలుగగలవని చెప్పబడినది. మన ఇళ్లలో వాడుకలో ఉన్నవి కొన్ని:

1. కొలెస్టరాల్ మాత్రలు: సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్. రక్తములో మితిమీరితే కండరాల నొప్పి, అరుదుగా మూత్రపిండాలకు హాని కలుగును. రోసువాస్టాటిన్‌కు ఈ చిక్కు లేదు.
2. రక్తపోటు మాత్రలు: ఫెలోడిపిన్, నిఫెడిపిన్, వెరపమిల్. కళ్లు తిరుగుట, కాళ్ల వాపు కలుగవచ్చును. అధికముగా వాడే ఆమ్లోడిపిన్‌పై ప్రభావము స్వల్పము.
3. గుండె లయను సరిచేసే అమియోడరోన్.
4. మూత్రపిండము మార్పిడి చేయించుకున్నవారు వాడే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్.
5. మూర్ఛకు వాడే కార్బమజెపిన్.

కొన్నింటి విషయంలో ఫలితము తారుమారగును. గుండెలో స్టెంటు వేయించుకున్నవారు వాడే క్లోపిడోగ్రెల్ శరీరములో రూపాంతరము చెందితేనే పనిచేయును. గ్రేప్‌ఫ్రూట్ రసము ఆ మార్పునకు అడ్డుపడి మందు బలమును తగ్గించును. తుమ్ములు, దురదలకు వాడే ఫెక్సోఫెనడిన్ కూడా పండ్లరసముతో తీసుకొంటే సరిగా గ్రహింపబడదు.

పంపరపనసపై పరిశోధనలు గ్రేప్‌ఫ్రూట్‌పై జరిగినన్ని జరుగలేదు. అయినను మూత్రపిండము మార్పిడి జరిగిన ఒక రోగిలో పంపరపనస వలన టాక్రోలిమస్ పరిమాణము పెరిగిన ఉదంతమును జపాన్ వైద్యులు 2003లో ప్రకటించారు. చేదు నారింజలో కూడా ఈ గుణము కలదు. బత్తాయి, కమలాలలో ఈ దోషము లేదు. పండు కావలెనన్న కోరిక వానితో తీర్చుకొనవచ్చును.

మూత్రపిండ రోగులకు ప్రత్యేక హెచ్చరిక

పంపరపనస పండే ఉద్దానమే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధితో దశాబ్దాలుగా బాధపడుతున్న ప్రాంతము కూడా. వ్యాధికి ఈ పండు కారణమని అర్థము చేసుకొనరాదు. కాని వ్యాధి వచ్చినవారి విషయంలో జాగ్రత్త అవసరము. మూత్రపిండాలు దెబ్బతిన్నప్పుడు పొటాషియం బయటికి పోక రక్తములో నిలిచిపోవును. అది మితిమీరితే గుండె లయ తప్పును. ఒక కప్పు, అనగా సుమారు 190 గ్రాముల గుజ్జులో 400 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం కలదు. డయాలిసిస్ చేయించుకొనువారు వైద్యుని అనుమతి లేక దీనిని తినరాదు. మార్పిడి చేయించుకున్నవారు పూర్తిగా మానవలెను. పెరటి చెట్టున కాసిన పండును ఇంటి పెద్దకు పెట్టకపోవుట ఇంటివారికి కష్టముగా తోచును. అట్టివారి చేత దైవమునకు నివేదన చేయించి, తినే పని మనుమలకు అప్పగించిన లోపమేమీ లేదు.

ఆచరణ

మొదట ఇంటిలో ప్రతిదినము మాత్రలు వాడువారి పేర్లు, మాత్రల పేర్లు ఒక కాగితముపై వ్రాసుకొనవలెను. వ్యాపారనామము గాక, పట్టీపై చిన్న అక్షరాలలో ఉండే అసలు మందు పేరును చూడవలెను. ఆ కాగితము వైద్యునికి గాని, మందుల దుకాణములోని ఫార్మసిస్టుకు గాని చూపి పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ తినవచ్చునా అని అడుగవలెను. ఆయుర్వేద వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు కూడా ఆ కాగితమును దాచరాదు. విదేశాలకు వెళ్లే పెద్దల చేతి సంచిలో దానిని తప్పక ఉంచవలెను.

పండు మీది ఇష్టముతో మాత్ర మానుట అన్నిటికంటె పెద్ద తప్పు. తెలియక పండు తిన్నవారు భయపడి స్వయముగా మందు ఆపక, వైద్యుని సంప్రదించవలెను. విపరీతముగా కళ్లు తిరుగుట, కండరాల నొప్పి, మూత్రము ముదురు రంగుగా మారుట, గుండె దడ కనిపిస్తే ఆలస్యము చేయరాదు.

గుర్తుంచుకోవలసినవి

ఏ మందులూ వాడని ఆరోగ్యవంతులకు పంపరపనస మంచి ఆహారము. రోజుకు నాలుగైదు తొనలు చాలును. మాత్రలు వాడేవారికి అది అడిగి తినవలసిన పండు. మూత్రపిండ రోగులకు అనుమతి లేనిదే తినరాని పండు. సరిగా వాడితే విషము కూడా ఔషధమగునని, తప్పుగా వాడితే ఔషధమే విషమగునని చరకుడు హెచ్చరించాడు. ఆహారమే ఔషధమని మనము నిజముగా నమ్మినవారమైతే, ఔషధమునకు చూపే జాగ్రత్తనే ఆహారమునకు కూడా చూపుట మన ధర్మము. ఈసారి చవితికి పండు కొనే ముందు, ఇంటిలోని మందుల డబ్బాను ఒకసారి తెరిచి చూడండి.