రింగురోడ్డును, రైతు పొలమును



ద్రాక్షారామ ప్రాంతపు పొలములకు ధవళేశ్వరము ఆనకట్టనుండి నీరు వచ్చు విధము మీ రెఱుగుదురు. పెద్దకాలువ గట్టునకు ఎవరి చేనియెదుట వారు గండి కొట్టుకొన్నచో శివారు భూములకు చుక్క నీరైనను చేరదు. కావుననే నియమిత స్థలములలో మాత్రమే తూములుంచి, అచ్చటినుండి పిల్లకాలువలచేతను, బోదెలచేతను నీరు పంచుచున్నారు. నగరముచుట్టును వేయు రింగురోడ్డు సూత్రమును ఇట్టిదే.

హైదరాబాదును ఉదాహరణముగా గైకొందము. నగరములో పనిలేక, బెంగుళూరునకో, విజయవాడకో, ముంబయికో పోవు లారీలు నగరపు రద్దీలో చిక్కుకొనుచుండెడివి. వానిని వెలుపలినుండియే మరల్చుటకై 158 కిలోమీటర్ల పొడవున, ఎనిమిది వరుసలతో నెహ్రూ బాహ్యవలయ రహదారి నిర్మింపబడినది. 2008లో మొదటి భాగము తెరువబడెను. 2018లో వలయము పూర్తియయ్యెను.

ఈ రోడ్డుపైకి ఇంటర్‌ఛేంజి అను కూడళ్లయందు తప్ప ఎక్కుటకుగాని దిగుటకుగాని వీలులేదు. కారణమేమన, ప్రతి డొంకయు వచ్చి కలసినచో, ఒక బండి మలుపు తిరిగినప్పుడెల్ల వెనుకవచ్చు వాహనములన్నియు నెమ్మదింపవలసివచ్చును, ప్రమాదములును హెచ్చును. ఎడ్లబండ్లకు, ట్రాక్టర్లకు, మోటారు సైకిళ్లకు దీనిపై ప్రవేశము లేదు. వానికొఱకు ప్రక్కన సర్వీసు రోడ్లు గలవు. ఇంటర్‌ఛేంజి తూమువంటిది, సర్వీసు రోడ్డు పిల్లకాలువ వంటిది.

అయితే నగరమునకు మేలుచేయు నీ కట్టుబాటే దారిలోని గ్రామమునకు చిక్కు దెచ్చును. ఇల్లొకవైపునను, చేనొకవైపునను పడిన రైతు రోడ్డును అడ్డముగా దాటజాలడు. మాగాణి భూములయందు మఱియొక అపాయము గలదు: ఎత్తైన రోడ్డుగట్టు మురుగునీటికి అడ్డుపడినచో వరిచేను మునుగును.

అమరావతిచుట్టును సుమారు 190 కిలోమీటర్ల రింగురోడ్డు ప్రతిపాదింపబడియున్నది. ఇట్టి రోడ్డు ఎచ్చట వచ్చినను, నక్షా స్థిరపడకమునుపే రైతులు ఈ మూడు సంగతులు విచారింపవలెను:

1. పశువులును, కోతయంత్రమును, గడ్డిబండియు దూరిపోవునంత ఎత్తును వెడల్పును గల అడుగుదారి ఎంత దూరమునకొకటి యున్నది?

2. ప్రతి బోదెకును, మురుగు కాలువకును గట్టుక్రింద చాలినంత తూము గలదా?

3. సర్వీసు రోడ్డు మధ్యలో తెగక, ఊరినుండి మార్కెట్టువఱకు సాగునా?

1956వ సంవత్సరపు జాతీయ రహదారుల చట్టముక్రింద భూమి సేకరించునపుడు, గెజిటు ప్రకటన వెలువడిన 21 దినములలోపల ఆక్షేపణలను వ్రాతమూలముగా దాఖలు చేయవచ్చును. స్వయముగాగాని వకీలు ద్వారాగాని చెప్పుకొనుటకును హక్కు గలదు. భూమి రెండు ముక్కలగుటచే కలుగు నష్టమునుగూడ పరిహారములో లెక్కింపవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది.

ఈ గడువు స్వల్పము. ఒక్కొక్క రైతు వేఱువేఱుగా తిరుగుటకంటె, సంఘము పక్షమున సర్వే నంబర్లతో, బోదెలతో, డొంకలతో గ్రామపటము ముందే సిద్ధపఱచుకొనుట మేలు. గట్టు పోసిన పిమ్మట తూము పెట్టించుట ఎంత కష్టమో డెల్టా రైతునకు వేఱుగ చెప్పనక్కఱలేదు.