బరువు సరే, నడుము కొలత సంగతేమిటి?

"బరువు సరిగ్గానే ఉంది, పొట్ట మాత్రం తగ్గడం లేదు" అనే మాట మన ఇళ్లలో తరచూ వింటాం. బ్యాంకులో మొత్తం సరిపోతే చాలదు, ఏ ఖాతాలో ఎంతుందో కూడా చూడాలి. ఒంటి లెక్కా అంతే.

పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ కలిసి దిగిన ఫొటో 2004లో 'లాన్సెట్' వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! సన్నగా కనిపించే భారతీయుల్లోనూ కండ తక్కువ, కొవ్వు ఎక్కువ ఉండవచ్చు. అది పొట్టలో చేరితే మధుమేహం, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది.

ముందు టేపు తీయండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, మామూలుగా ఊపిరి వదిలాక కొలవండి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

దాటిందని పస్తులుండకండి, కొవ్వుతోపాటు కండా కరుగుతుంది. పొట్ట వ్యాయామాలు మాత్రమే చేస్తే అక్కడి కొవ్వు పోదు. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవండి. రెండు రోజులు గుంజీలు, గోడకు చేతులు ఆనించి దండీలు తీయండి. మధుమేహం, గుండెజబ్బు, మోకాళ్ల నొప్పి ఉన్నవారు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి.

కంచంలో అన్నం కాస్త తగ్గించి పప్పు, కూర, గుడ్డు లేదా పెరుగు పెంచండి. ఆఫీసు టీలో చక్కెర తగ్గించండి. నిద్ర తగ్గించకండి.

నెలకోసారి కొలిచి రాసుకోండి. బరువు మారకపోయినా నడుము తగ్గిందంటే, మీ శ్రమ ఫలిస్తున్నట్టే.