చుక్కల కిట్టు లెక్క ఎంతవరకు నమ్మొచ్చు?

డెల్టాలో ఎకరా, రెండెకరాల చెరువున్న చిన్న రైతులు కూడా ఇప్పుడు నీటి పరీక్ష కిట్లు కొంటున్నారు. 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చాక పిల్లల సాంద్రత, మేత వాడకం పెరిగాయి. నీటిని చూసుకోకుండా సాగు చేసే రోజులు కావివి. అయితే కిట్టులో రంగు మారగానే జియోలైటు బస్తాలు దించేయడం తగదు. లెక్క తప్పయితే లేని జబ్బుకు మందు వేసినట్టే. ఉన్న జబ్బును కిట్టు చూపించకపోతే పంటే పోతుంది.

కిట్టు చూపేది ఏమిటి?

అమ్మోనియా కిట్టు చూపేది మొత్తం అమ్మోనియాని. అందులో విషమయ్యే భాగం పి.హెచ్., వేడిమిలను బట్టి మారుతుంది. మంచినీటి చెరువులో 30 డిగ్రీల వేడి వద్ద పి.హెచ్. 7 ఉంటే విషభాగం నూటికి ఒక వంతు కూడా ఉండదు. 8 ఉంటే సుమారు 7 వంతులు, 9 ఉంటే 40 వంతులు దాటుతుంది. అంటే కిట్టు ఒక పీపీఎం చూపినా ఉదయం ప్రమాదం లేకపోవచ్చు, మధ్యాహ్నం పి.హెచ్. 9కి చేరితే అదే నీరు ప్రాణం తీయవచ్చు. అందుకే రెండు పరీక్షలూ ఒకేసారి చేయాలి. అమ్మోనియా ఎక్కువున్నప్పుడు కాల్చిన సున్నం చల్లితే పి.హెచ్. పెరిగి నష్టం ఎక్కువవుతుంది.

అట్ట మీద ఏం రాసుందో కూడా చూడాలి. నైట్రైటును కొన్ని కిట్లు నత్రజని లెక్కలో, కొన్ని నైట్రైటు లెక్కలో చూపుతాయి. మొదటి లెక్కలో 1 అంటే రెండో లెక్కలో 3.3. పక్క రైతు కిట్టుతో పోల్చేముందు ఇది గమనించండి.

తప్పులు ఎక్కడ వస్తాయి?

ఎండలో ఉంచిన మందు, గడువు దాటిన మందు సరైన రంగు ఇవ్వవు. సీసా వంచి పట్టుకుంటే చుక్క సైజు మారుతుంది, నిటారుగా పట్టుకోవాలి. చెప్పిన నిమిషాలు ఆగి, నీడలో తెల్ల కాగితం ముందు పెట్టి రంగు చూడాలి. చెరువు నీరు పచ్చగా ఉంటే ఆ పచ్చదనం కూడా రంగులో కలిసిపోతుంది. మందు కలపని చెరువు నీటిని పక్కన పెట్టుకుని పోల్చుకోవాలి.

నెస్లర్ మందుతో చేసే అమ్మోనియా పరీక్ష ఉప్పునీటిలో తెల్లగా విరిగి తప్పు చూపవచ్చు. ఉప్పునీటి చెరువున్న రైతులు తమ నీటికి పనికొచ్చే కిట్టునే అడిగి తీసుకోవాలి. నెస్లర్ మందులో పాదరసం ఉంటుంది. పరీక్ష చేసిన నీటిని చెరువులో, కాలువలో పారబోయకూడదు.

కిట్టునే పరీక్షించండి

కొత్త కిట్టు తేగానే డిస్టిల్డ్ వాటరుతో ఒకసారి చేసి చూడండి. అమ్మోనియా, నైట్రైటు సున్నా చూపాలి. చూపకపోతే ఆ మందు పనికిరాదు. సున్నా చూపినంత మాత్రాన కిట్టు పూర్తిగా మంచిదని కాదు. పంటకు ఒకసారైనా ఒకే నీటిని రెండు సీసాల్లో తీసి, ఒకటి ఇంట్లో చూసుకుని, రెండోది గాలి లేకుండా నింపి ఐసులో పెట్టి అదే రోజు మత్స్యశాఖ ల్యాబుకు పంపండి. రెండు లెక్కలకూ ఎంత తేడా ఉందో తెలిస్తే ఆ తర్వాత కిట్టును అంచనా వేసుకోవచ్చు. పి.హెచ్., కరిగిన ప్రాణవాయువు మాత్రం గట్టు మీదే చూడాలి, దారిలో మారిపోతాయి. ప్రాణవాయువు తెల్లవారుజామున తక్కువ, పి.హెచ్. మధ్యాహ్నం ఎక్కువ ఉంటాయి కనుక ఆ వేళల్లోనే చూడాలి.

ఖర్చు పెట్టేముందు

ఒక్క పరీక్షతో మందు కొనవద్దు. అదే నీటిని మరోసారి పరీక్షించండి. పరీక్ష చేసి పెట్టినవాళ్లే మందు కూడా అమ్ముతుంటే ఇంకోచోట కూడా చూపించుకోండి. రోజూ ఒకే వేళకు, ఒకే చోట నీరు తీసి పుస్తకంలో రాసుకోండి. ఒక రోజు అంకె కంటే వరుసగా నాలుగు రోజులు పెరుగుతున్న అంకె ఎక్కువ నమ్మదగింది. అయితే రొయ్యలు పైకి తేలుతుంటే పరీక్ష కోసం ఆగవద్దు. ముందు ఏరేటర్లు వేసి, మేత ఆపి, ఆ తర్వాత కిట్టు తీయండి.