ఖాళీ చెక్కు మీద సంతకం, కన్సల్టెన్సీ బీరువాలో పాస్‌పోర్టు

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ పూర్తి చేసింది. అమెరికాలో ఎంఎస్ చేయిద్దామని హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. అడ్వాన్సుగా 60 వేలు కట్టాం. పాస్‌పోర్టు, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. నా చేత రెండు ఖాళీ చెక్కుల మీద సంతకాలు చేయించుకున్నారు. బ్యాంకు బ్యాలెన్సు కూడా తామే చూపిస్తామని, దానికి కమీషన్ విడిగా ఇవ్వాలని ఇప్పుడు అంటున్నారు. ఇది మాకు నచ్చక కాగితాలు ఇచ్చేయమంటే, మొత్తం ప్యాకేజీ కడితే తప్ప ఇవ్వమంటున్నారు. ఇంకోపక్క ఇల్లు తనఖా పెట్టి బ్యాంకు లోను తీసుకోబోతున్నాం. మేమేం చేయాలి?
– ఒక తండ్రి, పల్నాడు జిల్లా

జవాబు: మీరు పాస్‌పోర్టు గురించి బాగా బెంగపెట్టుకున్నట్టున్నారు. నిజానికి వీటన్నిటిలో తేలిగ్గా తెమిలేది అదే. అసలు ప్రమాదం ఆ ఖాళీ చెక్కుల్లోనూ, వాళ్లు చూపిస్తామంటున్న బ్యాలెన్సులోనూ ఉంది. అయినా మీ బెంగ ముందు తీరుద్దాం.

1967 నాటి పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షన్ ప్రకారం పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వ ఆస్తి. దాన్ని మనిషి దగ్గర నుంచి తీసుకుని అట్టేపెట్టే (ఇంపౌండ్ చేసే) అధికారం పాస్‌పోర్టు అథారిటీకి మాత్రమే ఉంది. 2008లో సురేశ్ నందా కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. దర్యాప్తు కోసం పోలీసులు పాస్‌పోర్టును సీజ్ చేయొచ్చు గానీ ఇంపౌండ్ చేయలేరు, ఆ పని కోర్టు కూడా చేయలేదు అంది. కోర్టుకే లేని అధికారం అమీర్‌పేటలో రెండో అంతస్తులో అద్దెకున్న ఆఫీసుకు ఎక్కడి నుంచి వస్తుంది?

సర్టిఫికెట్ల సంగతీ అంతే. బాకీ తీరేదాకా సొత్తు అట్టేపెట్టుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్‌లో బ్యాంకర్ల వంటి కొద్దిమందికే ఉంది. ఫీజు బాకీ ఉన్నా సరే, లాయరు క్లయింటు కేసు కట్టను ఆపడానికి వీల్లేదని 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. లాయర్లమైన మాకే ఆ హక్కు లేదు. మార్కుల మెమోలు, ప్రొవిజనల్, టీసీ అనేవి అమ్మితే డబ్బొచ్చే సరుకులు కావు, కాబట్టి అప్పుకు జామీను కూడా కాలేవు. కొన్ని కాలేజీలూ ఇదే పని చేస్తుంటాయి. ఒరిజినల్స్ అట్టేపెట్టుకోవద్దని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అది కాలేజీలకు సంబంధించిన మాట. కన్సల్టెన్సీకి అసలు ఒరిజినల్స్‌తో పనే లేదు. దరఖాస్తులకు స్కాన్ కాపీలు చాలు, ఇంటర్వ్యూకు కాగితాలు తీసుకెళ్లేది మీ అమ్మాయి.

మీరు చేయాల్సింది ఇది. ఏయే కాగితాలు ఏ తేదీన ఇచ్చారో జాబితా రాసి, ఏడు రోజుల్లో తిరిగివ్వమని ఈమెయిల్ పంపండి, అదే ఉత్తరం స్పీడ్ పోస్టులో కూడా పంపండి. ఆ పోస్టు రసీదు పారేయకండి. ఇవ్వకపోతే పోలీసు స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నమ్మి అప్పగించిన సొత్తును సొంతానికి వాడుకుని ఇవ్వకపోతే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద నేరం. ‘ఇది సివిల్ మ్యాటర్, మీరూ మీరూ తేల్చుకోండి’ అని స్టేషన్‌లో అంటే అక్కడితో ఆగిపోకండి. అదే ఫిర్యాదును ఎస్పీకి గానీ కమిషనర్‌కు గానీ పోస్టులో పంపండి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. నా అనుభవంలో చాలా కన్సల్టెన్సీలు ఉత్తరం అందిన వారంలోపే ఫోను చేసి కాగితాలు తీసుకెళ్లమంటాయి.

ఒక్క పని మాత్రం చేయకండి. పాస్‌పోర్టు పోయిందని ఫిర్యాదు రాసిచ్చి కొత్తది తీసుకోమని సలహా ఇచ్చేవాళ్లు మీ ఊళ్లోనే దొరుకుతారు. అది ఎక్కడుందో తెలిసి కూడా పోయిందని చెప్పడం పాస్‌పోర్టు చట్టం 12వ సెక్షన్ కింద నేరం, రెండేళ్ల దాకా జైలు. తప్పు కన్సల్టెన్సీది, కేసు మీ అమ్మాయిది అవుతుంది.

ఇక చెక్కులు. ఖాళీ చెక్కు చెల్లదని చాలామంది ధీమాగా ఉంటారు. చెల్లుతుంది. ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన చెక్కులో మిగతా వివరాలు వేరేవాళ్లు నింపినా, బాకీ ఉందనే భావనతోనే కోర్టు మొదలుపెడుతుందని 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బాకీ లేదని రుజువు చేసుకునే భారం మీ మీద పడుతుంది. వాళ్లు ఆ చెక్కు మీద ఐదు లక్షలు రాసి బ్యాంకులో వేశారనుకోండి. అది బౌన్స్ అయిన సమాచారం అందిన 30 రోజుల్లో మీకు నోటీసు పంపుతారు. నోటీసు అందాక డబ్బు కట్టడానికి 15 రోజుల గడువు ఉంటుంది. అది దాటితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద కేసు పడుతుంది. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా, లేదా రెండూ.

‘స్టాప్ పేమెంట్ పెట్టేస్తే సరిపోదా?’ అనిపిస్తుంది. ఒక్కదానితో సరిపోదు. స్టాప్ పేమెంట్ వల్ల చెక్కు వెనక్కి వచ్చినా 138 వర్తిస్తుందని 1998 నుంచి సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. కాబట్టి బ్యాంకుకు రాసేముందో, అదే రోజో కన్సల్టెన్సీకి విడిగా ఉత్తరం రాయండి. చెక్కుల నంబర్లు వేయండి. ఫలానా తేదీన వీటిని ఖాళీగా, పూచీగా మాత్రమే ఇచ్చాను, ఇప్పటిదాకా చేసిన పనికి లెక్క పంపండి, అంతకుమించి మీకు నేను బాకీ లేను, చెక్కులు తిరిగివ్వండి అని రాయండి. గొడవ ముదరకముందే వెళ్లిన ఈ ఉత్తరమే రేపు కోర్టులో మీకు అక్కరకొస్తుంది. వాళ్ల నుంచి నోటీసు వస్తే 15 రోజుల్లో జవాబు ఇచ్చి తీరాలి. నోటీసు తీసుకోకుండా పోస్టుమ్యాన్‌ను తిప్పి పంపడం వల్ల ఏ లాభమూ లేదు, అందినట్టే లెక్కగడతారు.

లెక్క పంపమని ఎందుకన్నానంటే, వాళ్లు నిజంగా కొంత పని చేసి ఉండొచ్చు. యూనివర్సిటీలకు దరఖాస్తులు పెట్టి ఉంటే దానికి న్యాయంగా ఇవ్వాల్సింది ఇవ్వాలి. చేయని పనికి మాత్రం రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు. ‘కట్టిన డబ్బు ఎట్టి పరిస్థితిలోనూ వాపసు లేదు’ అని రసీదు వెనక చిన్న అక్షరాల్లో అచ్చువేసినంత మాత్రాన అది శిలాశాసనం కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీ సొంత జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, హైదరాబాద్ తిరగక్కర్లేదు. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి చూడండి, కొన్ని తగాదాలు అక్కడే తెగిపోతాయి. ఒక్క తేడా గుర్తుంచుకోండి. గల్ఫ్‌కు, మరో దేశానికి ఉద్యోగాలకు పంపే ఏజెంటుకు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. చదువుకు పంపే కన్సల్టెన్సీ ఆ చట్టం కిందికి రాదు. గోడకు వేలాడే సర్టిఫికెట్లు చూసి ప్రభుత్వ గుర్తింపు ఉందనుకోకండి.

బ్యాలెన్సు మాట వింటే నాకు నిజంగా భయం వేస్తుంది. మీది కాని డబ్బు కొన్నాళ్లు మీ ఖాతాలో వేసి, బ్యాంకు లెటర్ తీసుకుని, మళ్లీ లాగేసుకోవడం. ‘అందరూ చేసేదే సార్’ అంటారు. అమెరికా వీసా దరఖాస్తు డీఎస్-160 చివరి పేజీ మీ అమ్మాయిని ఒకసారి తెరిచి చూడమనండి. దీన్ని నింపడానికి మీకెవరైనా సాయం చేశారా అని అడుగుతుంది. ఎవరు నింపిపెట్టినా చివరి సంతకం మీట నొక్కాల్సింది దరఖాస్తుదారే. అందులో ఉన్నదంతా నిజమని ప్రమాణం చేస్తున్నది కూడా ఆమే. అబద్ధం బయటపడితే ప్రశ్నలన్నీ ఆమెకే, కన్సల్టెన్సీని ఎవరూ పిలవరు. మోసపూరితంగా వీసా కోరినవారికి అమెరికా చట్టం ప్రకారం ప్రవేశ నిషేధం జీవితాంతం, మినహాయింపు దొరకడం కష్టం. కెనడాలో ఐదేళ్లు, బ్రిటన్‌లో పదేళ్ల దాకా. దొంగ బ్యాంకు పత్రమైతే మన దేశంలో కూడా ఫోర్జరీ కేసు.

2019 జనవరిలో జరిగింది మన ఇళ్లలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మిషిగన్‌లోని ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ విభాగం పన్నిన వల అని తేలింది. అందులో క్లాసులు లేవు, పాఠాలు చెప్పేవాళ్లు లేరు. మొదట్లోనే దాదాపు 130 మంది విద్యార్థులను పట్టుకున్నారు. ఒకరు తప్ప అందరూ భారతీయులే, వాళ్లలో తెలుగు పిల్లలు ఎక్కువ. వాళ్లను చేర్పించి కమీషన్ తిన్న ఎనిమిదిమంది మీద క్రిమినల్ కేసులు పెట్టారు. పేర్లు చూస్తే వాళ్లూ మనవాళ్లే. ‘మాకు ఏజెంటు చెప్పాడు’ అన్న మాట పిల్లల్ని కాపాడలేదు. ఇంకో సంగతి, ఆ యూనివర్సిటీ ప్రభుత్వ గుర్తింపు జాబితాలో కూడా ఉండేది! జాబితాలో పేరు చూసి తృప్తిపడకుండా, అక్కడ నిజంగా చదువుతున్న పిల్లలతో మాట్లాడండి.

ఒక చిన్న జాగ్రత్త. దరఖాస్తులన్నిటికీ ఈమెయిల్, ఫోన్ నంబరు మీ అమ్మాయివే ఉండాలి. కన్సల్టెన్సీ మెయిల్ పెట్టి ఉంటే ఈ రోజే మార్పించండి. పాస్‌వర్డ్ వాళ్ల చేతిలో ఉంటే, యూనివర్సిటీ పంపే ఉత్తరం మీకు చేరేది వాళ్ల దయను బట్టే.

లోను విషయంలో మీ మీద పడే భారం బాగా తెలుసుకోవాలి. కో-అప్లికెంటుగా సంతకం పెడితే మీరూ అప్పుదారే, అమ్మాయి కట్టకపోతే మాత్రమే మీ వంతు అనుకోకండి. హామీదారు బాధ్యత కూడా అప్పుదారుతో సమానమేనని కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ అంటుంది. సాధారణంగా బ్యాంకుల్లో వాయిదాలు చదువు అయ్యాక ఏడాదికి మొదలవుతాయి. వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే పెరుగుతుంటుంది. కొన్ని ఫైనాన్స్ కంపెనీలు చదువు సాగుతుండగానే వడ్డీ కట్టమంటాయి. 2024 అక్టోబరు నుంచి రుణ వివరాలన్నీ ఒకే చోట చూపే ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ ఇవ్వడం తప్పనిసరి. దాన్ని ఇంటికి తెచ్చుకుని, చదువుకున్నవాళ్ల చేత చదివించుకున్నాకే సంతకం పెట్టండి.

వాయిదా 90 రోజులు దాటి ఆగితే ఖాతా మొండి బాకీ అవుతుంది. ఆపైన సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వస్తుంది. దానికి తప్పకుండా జవాబివ్వాలి. ఇంటిని స్వాధీనం చేసుకునే చర్య మొదలైతే 45 రోజుల్లో రుణ వసూలు ట్రిబ్యునల్‌కు (డీఆర్‌టీ) వెళ్లాలి. సాగుభూమికి ఆ చట్టం వర్తించదు. బ్యాంకులు పొలం వద్దని ఇల్లో, ప్లాటో అడిగేది ఇందుకే. ఇల్లు మీ నాన్నగారి నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే మీ అక్కచెల్లెళ్ల సంతకాలు కూడా అడగొచ్చు. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది, దేశమంతటికీ అది 2005లో వచ్చింది. అప్పు తీరిన 30 రోజుల్లో బ్యాంకు దస్తావేజులు తిరిగివ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల రూపాయలు మీకు చెల్లించాలని ఆర్‌బీఐ నిబంధన.

అమ్మాయి పేరు మీద ఆస్తి ఉండి, ఆమె వెళ్లాక అమ్మడమో తనఖా పెట్టడమో అవసరం పడేలా ఉంటే, విమానం ఎక్కేముందే సబ్‌రిజిస్ట్రార్ దగ్గర పవర్ ఆఫ్ అటార్నీ చేయించండి. ఆ ఒక్క పనికే పరిమితంగా రాయించండి, అన్నిటికీ కలిపి జీపీఏ వద్దు. అక్కడి నుంచి పంపాలంటే కాన్సులేట్ చుట్టూ తిరగాలి, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. చిన్నదో పెద్దదో ఆమె మీద పోలీసు కేసు ఏదైనా ఉందేమో కూడా చూసుకోండి. ఒట్టి ఎఫ్‌ఐఆర్ పాస్‌పోర్టుకు అడ్డం కాదని విదేశాంగ శాఖ 2019లో స్పష్టం చేసింది. కోర్టు కేసును విచారణకు తీసుకున్నాక మాత్రం ఆ కోర్టు అనుమతి కావాలి.

ఇదంతా ఒక్కరే చేసుకోలేమనిపిస్తే 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. అర్జీ మీ పేరు మీద కాకుండా మీ అమ్మాయి పేరు మీద పెట్టండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ లాయరును ఉచితంగా ఇస్తారు.