మడ అడవిలో ఒక నడక: పోటు, పాటుల నడుమ కోరంగి

కాకినాడ నుంచి యానాం వైపు రోడ్డు మీద వెళ్తుంటే ఎడమచేతి వైపు, సముద్రానికీ ఊళ్లకూ మధ్య ఒత్తుగా అల్లుకున్న పచ్చని అడవి కనిపిస్తుంది. అదే కోరంగి వన్యప్రాణి అభయారణ్యం. గోదావరి పాయల్లో ఒకటైన గౌతమి సముద్రంలో కలిసే చోట, నది తెచ్చిన ఒండ్రు మీద పెరిగిన మడ అడవి ఇది. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు.

సందర్శకుల కోసం ఇక్కడ బురద మీద స్తంభాలు నిలిపి చెక్కల బాట వేశారు. ఆ బాట మీద గంటసేపు మెల్లగా నడిస్తే చాలు. ఉప్పు నీటిలో, ఊపిరాడని బురదలో ఒక అడవి ఎలా బతుకుతోందో కళ్లారా చూడవచ్చు.

పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు?

ఈ నడకకు బయలుదేరే ముందు గడియారం కన్నా సముద్రాన్ని చూసుకోవాలి. సముద్రం పొంగి కాలువల్లోకి నీరు ఎక్కడాన్ని పోటు అనీ, వెనక్కి తీయడాన్ని పాటు అనీ అంటారు. ఈ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందుకే ఈరోజు వచ్చిన పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది.

అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సూర్యుడు, చంద్రుడు, భూమి ఇంచుమించు ఒకే వరుసలోకి వస్తాయి. సూర్యచంద్రుల ఆకర్షణ కలిసి పనిచేయడంతో పోటు మరింత పైకి ఎక్కుతుంది, పాటు మరింత కిందికి దిగుతుంది. పుష్యమాసం చివర చొల్లంగి అమావాస్యకు ఇక్కడ సాగరస్నానం చేసే భక్తులు చూసేది అలాంటి పెద్ద పోటునే.

పాటు సమయంలో వెళ్తే బురద, అందులోని జీవులు కనిపిస్తాయి. పోటు సమయంలో అదే చోట చెట్ల మొదళ్లు నీటిలో మునిగి ఉంటాయి. రెండుసార్లూ చూసినవారికే ఈ అడవి పూర్తిగా అర్థమవుతుంది.

నేలలోంచి పైకి లేచిన వేళ్లు

బాటకు ఇరుపక్కలా మొదట కంటబడేవి బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేలాది వేళ్లు. ఇవి తెల్ల మడ, నల్ల మడ చెట్లవి. మామూలు నేలలో మట్టి రేణువుల మధ్య గాలి ఉంటుంది. ఇక్కడ ఆ ఖాళీలన్నీ నీటితో నిండిపోతాయి. బురదలో వేలెడు లోతు దాటితే ఆక్సిజన్ దాదాపుగా ఉండదు. అలాంటి చోట బతికే బ్యాక్టీరియా సముద్రపు నీటిలోని సల్ఫేట్‌ను వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును విడుదల చేస్తుంది. బురదను కదిపితే కుళ్లిన గుడ్డు వాసన వచ్చేది అందుకే.

నేలలో దొరకని గాలి కోసం మడ చెట్టు వేళ్లను పైకి పంపుతుంది. వీటినే శ్వాసమూలాలు అంటారు. వాటి పైపొర మీదున్న సన్నని రంధ్రాల గుండా పాటు వేళ గాలి లోపలికి వెళ్లి, అడుగున ఉన్న వేళ్లకు చేరుతుంది. కాలువ గట్ల మీద పెరిగే ఉప్పు పొన్న జాతి చెట్లది మరో పద్ధతి. కాండం నుంచి వంపు తిరిగి దిగిన ఊతవేళ్లు ఇటు చెట్టును మెత్తని నేలలో నిలబెడతాయి, అటు గాలినీ అందిస్తాయి.

ఉప్పును గెలిచే దారులు

ఉప్పు ఎక్కువైతే ఏ మొక్కకైనా నీరు పీల్చుకోవడం కష్టమవుతుంది. ఈ చిక్కును ఒక్కో చెట్టు ఒక్కో విధంగా దాటుతుంది. ఉప్పు పొన్న వేళ్లు జల్లెడలా పనిచేసి 90 శాతానికి పైగా ఉప్పును బయటే ఆపేస్తాయి. తెల్ల మడ తనలోకి వచ్చిన ఉప్పులో కొంత భాగాన్ని ఆకుల మీది లవణ గ్రంథుల ద్వారా బయటికి పంపుతుంది. ఎండ పొద్దున ఆకును పరిశీలనగా చూస్తే సన్నని ఉప్పు పలుకులు మెరుస్తుంటాయి. తిల్ల చెట్టు ఉప్పును ముదిరిన ఆకుల్లో చేర్చి, వాటిని ఎర్రబార్చి రాల్చేస్తుందని వృక్షశాస్త్రజ్ఞులు భావిస్తారు. తిల్ల పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. ఆ చెట్టు కొమ్మలు తుంచకూడదు.

విత్తనం నేలరాలితే పోటు నీరు దాన్ని ఊడ్చుకుపోతుంది. అందుకే ఉప్పు పొన్న విత్తనం తల్లి చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడవాటి కాయలా వేలాడుతుంది. రాలిన తర్వాత బురదలో గుచ్చుకుని నిలబడుతుంది, లేదా నీటి మీద తేలుతూ వెళ్లి అనువైన చోట వేళ్లూనుతుంది.

బురద మీద బతుకులు

పాటు వేళ బాట మీద రెండు నిమిషాలు కదలకుండా నిలబడితే బురదకు ప్రాణం వచ్చినట్టు ఉంటుంది. ఫిడ్లర్ పీతలు బొరియల్లోంచి బయటికి వస్తాయి. మగ పీతకు ఒక డెక్క చాలా పెద్దది. దాన్ని ఊపుతూ ఆడపీతను పిలుస్తుంది, తోటి మగపీతలను బెదిరిస్తుంది. ఈ పీతల బొరియల గుండా గాలి, నీరు నేల లోపలికి దిగుతాయి. అంటే పీతలు తమకు తెలియకుండానే చెట్లకు సేద్యం చేస్తున్నాయన్నమాట.

మడ్‌స్కిప్పర్ అనే చేప ముందు రెక్కలను కాళ్లలా వాడుకుని బురద మీద పాకుతుంది, గెంతుతుంది. ఒళ్లు తడిగా ఉన్నంతసేపు చర్మం ద్వారా, నోటి లోపలి పొర ద్వారా గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకోగలదు.

మెత్తని బురద రాత్రి సంగతులను కూడా దాచుకుంటుంది. బావురుపిల్లి చేపలను వేటాడే అడవిపిల్లి. దాని వేళ్ల మధ్య కొంతవరకు చర్మం ఉంటుంది, ఒత్తైన లోపలి బొచ్చు నీటిని ఒంటికి తగలనివ్వదు. మనుషులకు అరుదుగా కనబడినా గట్ల మీద అడుగు ముద్రలు వదులుతుంది. గుంపులుగా తిరిగే నీటికుక్కల మలంలో చేప పొలుసులు కనిపిస్తాయి. ఈ రెండు జంతువులూ ప్రపంచవ్యాప్తంగా తగ్గిపోతున్నవే.

ఊళ్లకు ఈ అడవి ఏమిస్తోంది?

పండుగప్ప, మండపీత, టైగర్ రొయ్య వంటివి పిల్లదశలో ఈ కాలువల్లో, వేళ్ల సందుల్లో తలదాచుకుంటాయి. సముద్రంలో వల వేసే మత్స్యకారుడి పంట ఇక్కడే మొదలవుతుంది.

1839 నవంబరులో వచ్చిన తుపాను, దాని ఉప్పెన, ఒకప్పుడు ఓడలతో కళకళలాడిన కోరంగి రేవును నాశనం చేశాయి. అలాంటి తుపానులను కలకత్తాలో అధ్యయనం చేసిన హెన్రీ పిడింగ్టన్ 1840ల్లో 'సైక్లోన్' అనే మాటను వాడుకలోకి తెచ్చాడు. మడ అడవి ఉప్పెనను పూర్తిగా ఆపే గోడ కాదు. అయితే వేళ్లు, కాండాలు అలల వేగాన్ని తగ్గిస్తాయి. అడవి ఎంత వెడల్పుగా ఉంటే ఆ మేలు అంత ఎక్కువ. అడవికి ఎదురుగా, కాకినాడ అఖాతానికి అడ్డంగా సాగిన ఇసుక దిబ్బ హోప్ ఐలాండ్ కూడా అలల తాకిడిని కాచుకుంటుంది. దాని ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి.

మంచినీరు రాకపోతే?

ఉప్పును తట్టుకోగలిగినంత మాత్రాన మడ చెట్టుకు ఉప్పే ఆహారం కాదు. మంచినీరు కలిసినప్పుడే చాలా జాతులు ఏపుగా ఎదుగుతాయి. నది తెచ్చే ఒండ్రు వాటికి నేల. ఆ ఒండ్రులో చాలా భాగం ఎగువన జలాశయాల్లోనే ఆగిపోతోంది. 1970లతో పోలిస్తే 1990ల నాటికే సముద్రానికి చేరే గోదావరి ఒండ్రు సగానికి పైగా తగ్గింది. డెల్టా అంచు కొన్నిచోట్ల కోతకు గురవుతోంది.

అడవి లోపల పల్లపు చోట్ల పోటు నీరు నిలిచి, ఎండకు ఆవిరై, ఉప్పు పేరుకుంటే చెట్లు చచ్చిపోతాయి. దీనికి ఒక మందు దొరికింది. 1990ల చివర నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, స్థానిక గ్రామస్థులు కలిసి అలాంటి చోట్ల చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. పోటు నీరు వచ్చిపోవడం మొదలయ్యాక, నాటిన మడ మొక్కలు నిలదొక్కుకున్నాయి. మొక్క నాటడం కన్నా ముందు నీటికి దారి ఇవ్వాలన్నది అక్కడ నేర్చిన పాఠం.

నడకలో పరిశీలించి రాయండి

1. మీరు వెళ్లినప్పుడు పోటా, పాటా? వేళ్ల మీద నీరు ఎంత ఎత్తు వరకు ఎక్కిందో బురద చారను బట్టి చెప్పగలరా?
2. ఒక చదరపు మీటరు బురదలో ఎన్ని శ్వాసమూలాలు, ఎన్ని పీత బొరియలు ఉన్నాయి? బాట దిగకుండానే లెక్కపెట్టండి.
3. కాలువ గట్టు మీది చెట్లకూ, లోపలి చెట్లకూ వేళ్లలో ఏ తేడా కనిపించింది?
4. మీ ఊరి కాలువలో నీరు చివరికి ఏ సముద్రతీరానికి చేరుతుంది? ఆ నీటి కోసం అక్కడ ఏ అడవి ఎదురుచూస్తోంది?