పాత పెట్రోలు గోల్ఫ్ కార్టులో ఇంజన్ లోపాల నిర్ధారణ: ఒక పరిశోధనా క్షేత్రానుభవం

సేద్య శాస్త్రజ్ఞుడు ఇంజన్లను గురించి వ్రాయడం కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. అయితే నమూనాలను, తూకపు సామగ్రిని, మోకాళ్ళ నొప్పులున్న సీనియర్ సిబ్బందిని మడి నుండి మడికి చేర్చడానికి వేలంలో కొన్న పాత పెట్రోలు గోల్ఫ్ కార్టు పరిశోధనా క్షేత్రంలో ఎంతగానో ఉపకరిస్తుంది. అది నడుమ ఆగిపోతే కలిగే నష్టమూ అంతే. మొక్కజొన్న పూత దశలో ఒక మధ్యాహ్నం మా పరిశోధక విద్యార్థిని సేకరించిన ఆకు నమూనాలతో బండి పొలం మధ్యలో ఆగిపోయింది. ఆకుల సాపేక్ష నీటి శాతం లెక్కించడానికి తాజా బరువును ఆలస్యం చేయక తూచవలసి ఉంటుంది. ఆ రోజు ఒక రెప్లికేషన్ మొత్తం వదులుకోవలసి వచ్చింది. ఆ దశ తిరిగి మరుసటి పంటకాలంలో గాని రాదు.

బండిని ట్రాలీ ఆటోలో మౌలాలికి చేర్చాము. రైల్వే డీజిల్ లోకో షెడ్డు, పారిశ్రామిక వాడ ఉన్న ఆ ప్రాంతంలో లేత్ షెడ్లకు, మెకానిక్కులకు కొదవ లేదు. మొదటి షెడ్డులో ఇగ్నిషన్ కాయిల్ మార్చారు. వారం తిరగకముందే అదే లోపం మళ్ళీ తలెత్తింది. రెండవ షెడ్డులో ఇంజన్ విప్పవలెనన్నారు. ఇందులో నా పొరపాటూ ఉన్నది. “ఆగిపోతోంది” అన్నానే గాని, ఎంతసేపు నడిచాక ఆగుతోందో, ఎంతసేపు నిలిపితే తిరిగి స్టార్టవుతోందో చెప్పలేదు. ఆకు పసుపుబారిందని రైతు ఫోను చేస్తే ముదురాకా, లేతాకా అని మొదట అడిగే మనం, యంత్రం దగ్గరకు వచ్చేసరికి ఆ ప్రశ్న మరచిపోతాము.

ఈ బండ్లలో చాలావాటికి పెడల్ నొక్కగానే ఇంజన్ స్టార్టయ్యే ఏర్పాటు ఉంటుంది. పెడల్ కింది మైక్రోస్విచ్ సోలినాయిడ్‌కు విద్యుత్తు అందిస్తుంది. బెల్టుతో ఇంజన్‌కు కలిపిన స్టార్టర్ జనరేటర్ దానిని తిప్పుతుంది. స్టార్టయ్యాక అదే యంత్రం బ్యాటరీని ఛార్జి చేస్తుంది. కనుక పెడల్ నొక్కినప్పుడు వినబడే శబ్దమే తొలి ఆధారం. క్లిక్ వినబడకపోతే ఫ్యూజు, తాళపు స్విచ్, మైక్రోస్విచ్, బ్యాటరీ వైర్లు చూడవలెను. క్లిక్ వినిపించి ఇంజన్ తిరగకపోతే బ్యాటరీని, తుప్పు పట్టిన టెర్మినళ్ళను, సోలినాయిడ్ కాంటాక్టులను అనుమానించవలెను. పూర్తిగా ఛార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీ నిలకడగా ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఈ కొలత ఒక్కటే చాలదు; ఇంజన్‌ను తిప్పుతున్నప్పుడు కూడా కొలవాలి. ఆ సమయంలో 9.5 కంటె బాగా పడిపోతే బ్యాటరీ బలహీనమైనదని అర్థం.

ఇంజన్ తిరుగుతూ కూడా స్టార్టు కాకపోతే నిప్పురవ్వ, ఇంధనం, సంపీడనం అనే వరుసలో వెళ్ళడం మేలు. ఈ వరుసకు కారణం ఖర్చే: ప్లగ్ తీసి చూడడానికి ఐదు నిమిషాలు చాలు, హెడ్ విప్పితే ఒక రోజు పోతుంది. ప్లగ్ తడిగా ఉంటే పెట్రోలు చేరుతున్నది, రవ్వ రావడం లేదు అనుకోవచ్చు. పొడిగా ఉంటే ఇంధనం అందడం లేదు. సంపీడనం తక్కువగా తేలితే సిలిండర్లో కొద్దిగా ఆయిల్ పోసి మళ్ళీ కొలవాలి. కొలత పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు అరిగి ఉంటాయి. కొన్ని ఇంజన్లలో స్టార్టింగు సులభం కావడానికి సంపీడనాన్ని తగ్గించే ఏర్పాటు ఉంటుంది. వాటిలో గేజి తక్కువ చూపినంత మాత్రాన దోషం ఉన్నట్లు కాదు. ఇంకొక మాట. యమహా జి1 వంటి పాత నమూనాలు రెండు స్ట్రోకులవి, తరువాత వచ్చినవి నాలుగు స్ట్రోకులవి. ఏదో తెలియకుండా ఆయిల్ పోయరాదు.

మా బండికి వచ్చిన లోపం వీటిలో దేనికీ సరిపోలేదు. చల్లని ఇంజన్ చక్కగా స్టార్టయి, పది పదిహేను నిమిషాలు నడిచి ఆగేది. కొంతసేపు నిలిపితే మళ్ళీ నడిచేది. ఈ లక్షణం రెండు కారణాల వల్ల రావచ్చు. వేడెక్కిన కాయిల్ రవ్వ ఇవ్వడం మానవచ్చు. లేదా పెట్రోలు ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోవచ్చు. రంధ్రం మూసుకుంటే, పెట్రోలు ఖర్చయ్యే కొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడుతుంది. ఈ బండ్లలోని ఇంధన పంపు క్రాంక్‌కేస్ ఒత్తిడిలోని హెచ్చుతగ్గులతో పనిచేసే చిన్న డయాఫ్రం పంపు. ఆ శూన్యాన్ని అది జయించలేదు. ఈ రెండింటినీ వేరుచేసే పరీక్ష బండి ఆగిన క్షణంలోనే చేయవలెను, షెడ్డుకు చేరాక కాదు. మూత వదులు చేయగానే గాలి లోనికి పీల్చుకున్న శబ్దం వచ్చి, ఇంజన్ స్టార్టయితే దోషం మూతదే. మూత వదులు చేసినా ఫలితం లేక, విడి ప్లగ్‌లో రవ్వ కూడా కనబడకపోతే కాయిల్‌ది. మూడవసారి ఆగినప్పుడు మా క్షేత్ర సహాయకుడు మూత విప్పాడు. లోపల రంధ్రాన్ని మూసివేస్తూ, మట్టిగూడు కట్టే కందిరీగ పెట్టిన మట్టి గడ్డ ఉన్నది. అనవసరంగా మార్చిన కాయిల్ ఇప్పటికీ నా బల్లమీద ఉన్నది.

పాత ఇంజన్లకు నేటి ఇంధనం వల్ల కలిగే ఇబ్బంది వేరు. పెట్రోలులో ఇథనాల్ మిశ్రమం 2022లో 10 శాతానికి చేరింది. 2023 నుండి 20 శాతం మిశ్రమం బంకులకు వచ్చింది. ఆ ఇథనాల్ మన చెరకు, మొక్కజొన్న, నూకల నుండి వచ్చినదే. మనం సిఫారసు చేసిన పంటే కార్బ్యురేటర్‌ను చెడగొడుతున్నదని విద్యార్థులు నన్ను ఆటపట్టిస్తారు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ మితిమీరితే నీటితో కూడిన పొర విడిపోయి ట్యాంకు అడుగుకు చేరుతుంది. పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రంలు మెత్తబడి పగులుతాయి. అనుమానం ఉంటే కొద్దిగా పెట్రోలును గాజు సీసాలో పట్టి గంటసేపు కదపక ఉంచండి. అడుగున వేరొక పొర ఏర్పడితే ఆ ఇంధనం పనికిరాదు.

క్షేత్రాలలో మరొక సమస్య దుమ్ము, వడ్ల పొట్టు. గాలి ఫిల్టరు మూసుకుంటే నల్లని పొగ వస్తుంది. గాలితో చల్లబడే ఇంజన్ రెక్కల మధ్య పొట్టు చేరితే ఇంజన్ విపరీతంగా వేడెక్కుతుంది. నీలిపొగ కనబడితే ముందుగా ఆయిల్ ఎక్కువ పోశారేమో చూడాలి. ఆ తరువాతే రింగుల మాట. వేగం చాలలేదని గవర్నర్ స్ప్రింగును బిగించడం మాత్రం ఎవరూ చేయరాదు.

పవర్ స్ప్రేయరు, పవర్ వీడరు గురించి రైతులు అడిగే ప్రశ్నలకు కూడా ఇదే వరుస వర్తిస్తుంది. రబీ ముగిశాక బండిని నెలల తరబడి నిలిపేటప్పుడు ట్యాంకును, కార్బ్యురేటర్ గిన్నెను ఖాళీ చేయాలి, బ్యాటరీ తీగ విప్పాలి, మూత రంధ్రంపై సన్నని వలగుడ్డ కట్టాలి. మా బండి మూతకు వాడినది దోమతెర ముక్క.