ఒకే టీకాకు ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కో తీరు ఎందుకు?

కరోనా టీకాకు దేశంలో తొలి కసరత్తు జరిగిన జిల్లాల్లో మన కృష్ణా ఒకటి. 2020 డిసెంబరు 28న డ్రై రన్ అయింది. 2021 జనవరి 16న విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఒక పారిశుధ్య కార్మికురాలికి తొలి సూది వేశారు. ఆ టీకా పల్లెలకు చేరాక రచ్చబండల మీద పుట్టిన ప్రశ్న ఒకటుంది. అదే సీసాలో మందు, అదే నర్సమ్మ చెయ్యి. పెళ్ళాం ఒళ్ళు కాలిపోతూ ముసుగు తన్నితే, మొగుడు తెల్లారి ఎరువు చల్లడానికి ఎలా పోగలిగాడు?

దీనికి జనం రెండు జవాబులు చెప్పుకున్నారు. జ్వరమొస్తే మందు విషం, రాకపోతే అది ఉత్త నీళ్ళు! మా పెదనాన్న మొదటి డోసుకు మూడు రోజులు మంచమెక్కి, రెండోదాని ఊసు ఎత్తనివ్వలేదు. పక్కింటి బాబాయేమో "నాకు చీమ కుట్టినట్టైనా లేదు, మనకు సెలైను పొడిచి పంపేశార్రా" అని ఒకటే గోల.

శాస్త్రం ఈ ఇద్దరితోనూ ఏకీభవించదు. మన శరీర రక్షణ రెండంచెలుగా సాగుతుంది. పరాయి పదార్థం లోపలికి రాగానే మేలుకొనేది సహజ రక్షణ. వచ్చినవాడు ఎవడో ఇది విచారించదు, కొత్తవాడైతే చాలు కేకలు వేస్తుంది. సైటోకైనులనే రసాయనాలే ఆ కేకలు. జ్వరం, ఒళ్ళునొప్పులు వాటి పుణ్యమే. రెండో అంచెలో బి కణాలు, టి కణాలు వైరస్ రూపును గుర్తుపట్టి యాంటీబాడీలను, జ్ఞాపక కణాలను తయారుచేస్తాయి. దీనికి ఇంచుమించు రెండు వారాలు పడుతుంది, చప్పుడు కూడా ఉండదు. అంటే కేకలు వినబడనంత మాత్రాన కావలివాడు లేడనుకోరాదు. మరొకటి. అప్పటికే కరోనా వచ్చిపోయినవారికి మొదటి డోసుకే జ్వరం గట్టిగా రావడం అనేక దేశాల్లో కనిపించింది. మా పెదనాన్నకు అంతకు రెండు నెలల ముందు పడిశం, దగ్గు పట్టి వదిలాయి. అది కరోనాయో కాదో ఎవరూ పరీక్ష చేయించలేదు.

రెండో డోసు మానడం చిన్న విషయం కాదు. బ్రిటనులో 2021లో తేల్చిన లెక్క చూడండి. మన కోవిషీల్డు ఏ టీకాయో అదే టీకా డెల్టా రకం జబ్బును ఒక డోసుతో సుమారు 30 శాతం, రెండు డోసులతో సుమారు 67 శాతం అడ్డుకొంది. ఆ మూడు రోజుల జ్వరం ఖరీదు ఈ తేడా!

ఇక అసలు తేడా ఎక్కడుంది? కొంతమటుకు వంశంలో. మన కణాలు వైరస్ ముక్కలను ఒక పళ్ళెంలో పెట్టి టి కణాలకు చూపుతాయి. ఆ పళ్ళేలే హెచ్.ఎల్.ఎ. ప్రొటీన్లు. వాటి జన్యువులు ఆరవ క్రోమోజోము మీద ఉన్నాయి, మానవజాతిలో వాటికి వేల రూపాలు. ఒక తల్లి బిడ్డలకైనా ఈ పళ్ళేలన్నీ ఒకే రకంగా ఉండే అవకాశం నాలుగింట ఒక వంతే. అందుకే ఒకరికి బాగా కనిపించే ముక్క మరొకరికి ఆనదు.

ఇది సృష్టిలో లోపమా? వరి రైతు బిడ్డనుగా నేను కాదంటాను. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, అదే మన బి.పి.టి. 5204, చేనంతా ఒకే జన్యు స్వరూపం. ఎండాకు తెగులు సోకితే ఈ దుబ్బును వదిలి ఆ దుబ్బును పట్టడమంటూ ఉండదు, మడి మడంతా పోతుంది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంస్థ కలిసి మూడు నిరోధక జన్యువులను చొప్పించి, మెరుగుపరచిన సాంబ మసూరిని 2008లో ఇవ్వవలసి వచ్చింది. మనుషులమో, నిండా కేళీలున్న చేను వంటివాళ్ళం. విత్తనాల ఇన్‌స్పెక్టరు చూస్తే మనల్ని తిప్పి పంపేస్తాడు గాని, ఏ ఒక్క వైరసూ అందరినీ ఒకేలా పడగొట్టలేకపోవడానికి ఆ కల్తీయే కారణం.

కొందరిలో లోపల శత్రువే ఉంటాడు. కాసనోవా బృందం 2020లో చూపిందేమిటంటే, ప్రాణం మీదికి వచ్చిన కోవిడ్ న్యుమోనియా రోగుల్లో సుమారు 10 శాతం మందికి తమ సొంత ఇంటర్‌ఫెరాన్లనే అణచే యాంటీబాడీలు ఉన్నాయి. వారిలో నూటికి తొంభైమందికి పైగా మగవారే. వస్తాదులాంటి మనిషి నాలుగు రోజుల్లో ఎలా పోయాడన్న ప్రశ్నకు ఇదొక సమాధానం. అదే ఏడు జేబెర్గ్, పాబో అనే శాస్త్రవేత్తలు మూడవ క్రోమోజోములో నియాండర్తాల్ మానవుల నుంచి వచ్చిన ఒక ముక్క జబ్బును ముదరబెడుతుందనీ, దక్షిణాసియాలో సుమారు సగం మందికి అది ఉందనీ అన్నారు. మన పని అయిపోయిందని పత్రికలు హడలగొట్టాయి. కాని సి.సి.ఎం.బి. వారు పాల్గొన్న 2021 నాటి పరిశోధనలో మన ప్రాంతపు జనాభాలలో ఆ సంబంధం కనిపించనే లేదు. ఐరోపా కొలతతో కుట్టిన చొక్కా మనకు పట్టాలని ఎక్కడుంది?

పట్నంలో కొందరు యాంటీబాడీ పరీక్ష చేయించుకొని, ఇంటర్ మార్కుల్లాగా అంకెలు పోల్చుకున్నారు. ఆ అంకె నెలనెలకూ తగ్గేదే. ఎముక మూలుగలో, శోషరస గ్రంథుల్లో కూర్చున్న జ్ఞాపక కణాలను గాని, టి కణాలను గాని ఆ పరీక్ష లెక్కించదు.

వయసు సంగతి వేరు. టి కణాలకు బడి వంటి థైమస్ గ్రంథి యౌవనం నుంచే కుంచించుకుపోతుంది. ముసలివారిలో, మధుమేహం ఉన్నవారిలో టీకా పాఠం మందంగా ఎక్కుతుంది. మూత్రపిండం మార్చుకొని మందులు వాడేవారిలో చాలామందికి రెండు డోసులకు కూడా యాంటీబాడీలు పుట్టలేదు. ఇటువంటివారిని దృష్టిలో పెట్టుకొనే 2022 జనవరి 10 నుంచి, ఇతర జబ్బులున్న అరవై దాటినవారికి కూడా ముందుజాగ్రత్త డోసు మొదలుపెట్టారు. షుగరున్న మా నాయనమ్మ అదీ వేయించుకొంది. మూడోసారి కూడా జ్వరం రాలేదేమని మర్నాడు నర్సమ్మను నిలదీసింది.